నేల మారిందా, మన కొలత మారిందా? పైర్లనూ పచ్చిక నేలల్నీ ఏళ్ల తరబడి గమనించడం ఎలా

నేల పాడైపోయిందని, పచ్చిక పలచబడిందని, వానలు మునుపటిలా లేవని ఎవరైనా అనొచ్చు. ఎంత పాడైంది, ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగితే మాత్రం చాలామంది నోట మాట రాదు. ఆ జవాబు కోసమే శాస్త్రీయంగా గమనించడం, అంటే మానిటరింగ్. దీనికి ఖరీదైన పరికరాలు ఉండి తీరాలని అనుకోవద్దు. ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి కొలిచే ఓపిక ఉండాలి. చెప్పడానికి తేలికే కానీ చేసేటప్పుడు తప్పేది సరిగ్గా ఇక్కడే.

నా అనుభవమే చెప్తాను. ఒక పచ్చిక ప్లాటులో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకులు, వేళ్ల లాంటివాటి నుంచి మట్టిలో చేరే కర్బనం, రెండేళ్ల పాటు 1.9 శాతం దగ్గర నిలకడగా ఉంది. మూడో ఏడు మట్టి నేను తీశాను, రిపోర్టులో 1.6 వచ్చింది. ఆ ఏడాది ఎండలు మండిపోయాయి కాబట్టి కర్బనం కరిగిపోయిందని గట్టిగా నమ్మి, వివరణ కూడా రాసేసుకున్నాను. తీరా పాత నోట్సు తిరగేస్తే, అంతకుముందు తీసినవారు పైనున్న గడ్డి వేళ్ల చాపను మట్టితో కలిపి పంపేవారని తెలిసింది. నేను దాన్ని శుభ్రంగా గీరేసి, కింది మట్టి మాత్రమే పంపాను. నేలకేమీ కాలేదు, మారింది నా పార తీరు. ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ ఆ పొరపాటు మీ చేతుల్లో జరగకూడదనే రాస్తున్నాను.

మెట్టు 1: ప్రశ్న ముందు, పరికరం తర్వాత

ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాయండి. "నేల ఆరోగ్యం చూడాలి" అంటే అది ప్రశ్న కాదు. "దుక్కి మానేసిన ఈ పొలంలో పై 30 సెంటీమీటర్ల మట్టిలో కర్బనం పదేళ్లలో పెరుగుతుందా?" అన్నది ప్రశ్న. "వాన తగ్గిన ఏళ్లలో ఈ పచ్చికలో ఏ గడ్డి జాతులు తప్పుకుంటున్నాయి?" అన్నదీ ప్రశ్నే. ఎక్కడ కొలవాలి, ఎంత లోతు, ఎన్నిసార్లు, ఎన్నేళ్లు అన్నవన్నీ ఆ వాక్యంలోంచే వస్తాయి. తేమ రోజురోజుకీ మారుతుంది, పైరు వారం వారం మారుతుంది, మట్టి కర్బనం కదలాలంటే ఏళ్లు పడుతుంది. ఏటా కర్బనం పరీక్ష చేయించి, పైకీ కిందకీ ఊగే అంకెలు చూసి టెన్షన్ పడేవాళ్లను చూశాను. ఐదేళ్లకోసారి జాగ్రత్తగా చేయించడం అంతకంటే ఎంతో మేలు.

మెట్టు 2: చోటు ఖాయం చేయడం

మొదట పొలాన్నో పచ్చికనో స్వభావాన్ని బట్టి విడగొట్టండి. పల్లం వేరు, మెరక వేరు, బంకమట్టి వేరు, ఇసుక నేల వేరు. ఒక్కో భాగంలో కొన్ని చోట్లను చీటీ వేసినట్టు ఎంచుకోవాలి, కంటికి బాగున్న చోటును కాదు. మనకు తెలియకుండానే చెయ్యి పైరు ఏపుగా ఉన్న వైపే పోతుంది. గట్ల పక్కన, చెట్ల నీడలో, ఎరువు కుప్ప పోసిన చోట, పశువులు గుమిగూడే నీటి తొట్టి దగ్గర మాత్రం వద్దు.

ఫోన్ జీపీఎస్ మీద పూర్తిగా ఆధారపడొద్దు. ఆరుబయట కూడా అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మట్టి గుణమేమో రెండు మీటర్లలోనే మారిపోవచ్చు. దుక్కి తగలని లోతులో ఒక ఇనుప ముక్క పాతిపెట్టి, మారని గుర్తుల నుంచి టేపుతో దూరం కొలిచి రాసుకుంటే, పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లు కూడా మెటల్ డిటెక్టర్‌తో అదే చోటు పట్టుకోగలరు.

పోల్చుకోవడానికి ఏ మార్పూ చేయని ముక్క ఒకటి తప్పకుండా వదలండి. అది లేకపోతే మీరు చూసిన తేడా మీ పద్ధతి వల్ల వచ్చిందో ఆ ఏటి వాతావరణం వల్ల వచ్చిందో ఎప్పటికీ తేల్చలేరు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో, పార్క్ గ్రాస్ పచ్చిక ప్రయోగం 1856లో మొదలయ్యాయి, రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో ఏ ఎరువూ వేయని ప్లాట్లే లేకపోతే మిగతా ప్లాట్ల అంకెలకు అర్థమే ఉండేది కాదు.

మెట్టు 3: మట్టి తీయడం

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

సాధారణ పోషకాల పరీక్షకైతే 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి పైనుంచి కింద దాకా ఒకే మందంలో పలక తీయడం చాలు. దీర్ఘకాలపు లెక్కకు మాత్రం ఆగర్, అంటే నేలలోకి తిప్పి దించి మట్టి తీసే పనిముట్టు, వాడండి. 0 నుంచి 10, 10 నుంచి 20, 20 నుంచి 30 సెంటీమీటర్ల పొరలను విడివిడిగా తీయండి. పచ్చికలో కర్బనం ఎక్కువగా పైపొరలోనే గుమిగూడుతుంది, దున్నిన పొలంలో నాగలి లోతు దాకా కలిసిపోతుంది. పొరలు కలిపేస్తే ఆ తేడా కనిపించకుండా పోతుంది.

పైన గడ్డి ఉంటే నేల మట్టానికి కత్తెరతో కత్తిరించండి. వేళ్ల చాపను ఉంచుతారా తీసేస్తారా అన్నది మొదటి రోజే నిర్ణయించుకుని, ఒక ఫోటో తీసి, పెద్ద అక్షరాలతో రాయండి. రెండు పద్ధతులూ సరైనవే, మధ్యలో మార్చడం మాత్రం సరైనది కాదు.

ఒక్కో చోట చుట్టూ పదిహేను దాకా పోట్లు పొడిచి, ఒకే పొర మట్టినంతా శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి. జింకు, ఇనుము లాంటి సూక్ష్మ పోషకాలు చూడాలంటే తుప్పు పట్టిన పారలు, రేకు బకెట్లు పనికిరావు. కలిపిన మట్టిని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే. తర్వాత నీడలో, 40 డిగ్రీలకు మించని వేడిలో ఆరబెట్టి, పెళ్లలు నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడ మీద మిగిలిన రాళ్లు పారేయకండి, తూకం వేయండి. తర్వాతి మెట్టులో అవి కావాలి.

ఏ నెలలో తీశారో ఏటా అదే నెలలో తీయండి. బాగా ఎండిన నేల మీద తొలి వాన పడగానే మట్టిలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభించి బొగ్గుపులుసు వాయువును, నత్రజనిని గుప్పున విడుదల చేస్తాయి. 1958లో దీని గురించి వివరంగా రాసిన శాస్త్రవేత్త పేరు మీద దీన్ని బర్చ్ ఎఫెక్ట్ అంటారు. ఆ రెండు మూడు రోజుల్లో నైట్రేట్ కొలిస్తే, ఆ అంకె ఏడాది మొత్తానికి అబద్ధం చెప్తుంది.

పరీక్ష పద్ధతి పేరు కూడా రిపోర్టు మీద ఉందో లేదో చూడండి. చాలా ల్యాబ్‌లు 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతి వాడతాయి. అది మట్టిలోని సేంద్రియ కర్బనంలో సగటున 77 శాతాన్నే పట్టుకుంటుంది, అందుకే జవాబును దాదాపు 1.3తో గుణిస్తారు. కొన్ని ల్యాబ్‌లు గుణిస్తాయి, కొన్ని గుణించవు. మట్టిని పూర్తిగా కాల్చి కొలిచే డ్రై కంబషన్ మెరుగైనదే, కానీ సున్నపు నేలల్లో సున్నంలోని కర్బనాన్నీ కలిపేస్తుంది, దాన్ని వేరుగా కొలిచి తీసేయాలి. ల్యాబ్ మారిస్తే పాత మట్టిని కొంత కొత్త ల్యాబ్‌కు కూడా పంపి చూడండి. అసలు ప్రతి విడతలోనూ మీ దగ్గర దాచిన ఒకే మట్టిని మారు పేరుతో నమూనాల మధ్య పెట్టి పంపుతుండండి. దాని అంకె కదిలితే, మీ నేల కదలకుండానే ల్యాబ్ కదిలిందని తెలిసిపోతుంది.

మెట్టు 4: బల్క్ డెన్సిటీ, అందరూ వదిలేసే కొలత

మట్టి ఎంత గట్టిగా కూరుకుని ఉందో చెప్పేది ఇది. తెలిసిన ఘనపరిమాణం ఉన్న ఇనుప రింగును నేలలోకి మెల్లగా, నిటారుగా, ఒక చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో దించండి. చుట్టూ తవ్వి, రింగును కదలకుండా పైకి తీసి, రెండు చివర్లా పొడుచుకొచ్చిన మట్టిని పదునైన కత్తితో రింగు అంచుకు సమంగా కోయండి. మట్టి లోపలికి కుంగినా, మూల విరిగి పడినా, ఆ రింగును పక్కన పడేసి ఇంకోటి తీయాల్సిందే, వేలితో మట్టి అద్ది పూడ్చొద్దు. 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూచి, ఘనపరిమాణంతో భాగించండి. రాళ్లున్న నేలైతే వాటి బరువును, పరిమాణాన్ని తీసేసి లెక్కించండి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. హెక్టారుకు కర్బనం టన్నుల్లో కావాలంటే కర్బనం శాతం, బల్క్ డెన్సిటీ, సెంటీమీటర్లలో లోతు, ఈ మూడింటినీ గుణిస్తే చాలు. దున్నిన పొలంలో డెన్సిటీ ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాములు, కర్బనం 1.2 శాతం, లోతు 30 అనుకోండి, 43.2 టన్నులు వస్తుంది. దుక్కి మానేశాక నేల గట్టిపడి డెన్సిటీ 1.4 అయింది, కర్బనం శాతం అలాగే 1.2. ఇప్పుడు లెక్క వేస్తే 50.4 టన్నులు. ఏడు టన్నులు పెరిగిపోయినట్టే కదా? పెరగలేదు. మొదటిసారి 30 సెంటీమీటర్లలో హెక్టారుకు 3,600 టన్నుల మట్టి ఉంది, రెండోసారి అదే లోతులో 4,200 టన్నులు దూరింది. మనం ఎక్కువ మట్టిని లెక్కలోకి తీసుకున్నాం, అంతే. న్యాయంగా పోల్చాలంటే రెండోసారి కూడా 3,600 టన్నులకే చూడాలి, అంటే సుమారు 25.7 సెంటీమీటర్ల దాకా. అప్పుడు మళ్లీ 43.2 టన్నులే. సమాన మట్టి బరువు పద్ధతి అనేది ఇదే. కర్బనం పెరిగిందని ఎవరైనా అంకె చూపిస్తే నేను మొట్టమొదట అడిగేది డెన్సిటీ కొలిచారా అనే.

మెట్టు 5: తేమ, వేడి, వాన

తేమకు అసలైన కొలత తూకమే. తడి మట్టి 50 గ్రాములు తూగి, ఓవెన్‌లో ఆరాక 40 గ్రాములైతే, పోయిన 10 గ్రాములను పొడి మట్టి 40తో భాగించాలి, 25 శాతం. దాన్ని డెన్సిటీ 1.3తో గుణిస్తే ఘనపరిమాణంలో 32.5 శాతం, అంటే 30 సెంటీమీటర్ల పొరలో 97.5 మిల్లీమీటర్ల నీరు. ఇలా మిల్లీమీటర్లలోకి మారిస్తే వానతో నేరుగా పోల్చుకోవచ్చు.

సెన్సర్లు పెడితే సౌకర్యమే, కానీ బంకమట్టి, లవణాలు, సెన్సర్ చుట్టూ మిగిలిన గాలి సందు వాటిని తప్పుదారి పట్టిస్తాయి. నల్లరేగడి లాంటి నేల ఎండి నెర్రెలిస్తే సెన్సర్ గాలినే కొలుస్తూ కూర్చుంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు, మధ్యస్థంగా ఉన్నప్పుడు, ఎండినప్పుడు కనీసం మూడుసార్లు పక్కనే మట్టి తీసి తూకంతో సరిచూడండి. వర్షమాపకాన్ని చెట్లకు, గోడలకు వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. థర్మామీటర్ నీడలో, గాలి ఆడేచోట, నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉండాలి.

మెట్టు 6: పైరు

పైరును తేదీలతో కాకుండా దశలతో రాయండి. ప్రపంచమంతా వాడే బీబీసీహెచ్ స్కేల్ ఉంది, 00 నుంచి 99 దాకా. ధాన్యపు పంటల్లో 21 అంటే పిలకలు మొదలు, 61 అంటే పూత మొదలు, 65 అంటే నిండు పూత. వేర్వేరు ఏళ్లను, వేర్వేరు చోట్లను పోల్చడానికి ఇదే దారి. దాంతోపాటు వేడి లెక్క కూడా వేయండి. ఒక రోజు గరిష్ఠం 32, కనిష్ఠం 18 అయితే సగటు 25. ఆ పంట పెరగడానికి కావాల్సిన కనీస వేడి 10 అనుకుంటే, ఆ రోజు ఖాతాలో 15 పడతాయి. విత్తిన రోజు నుంచి వీటిని కూడుతూ పోతే, పూత తొందరగా రావడానికి కారణం వేడేనా, రకం మారడమా అన్నది తేలుతుంది.

వారానికోసారి గుర్తు పెట్టిన అవే పది మొక్కల దగ్గరకు వెళ్లండి. ఆకులు, పిలకలు, పురుగు, తెగులు చూసి, ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఖాళీ గడి చూసి ఐదేళ్ల తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేరు: తెగులు లేదనా, ఆ రోజు పొలానికే వెళ్లలేదనా?

మెట్టు 7: పచ్చిక

పచ్చికతో చిక్కేమిటంటే, మీరు కొలిచేలోపే పశువులు తినేస్తాయి. మిగిలింది కొలిస్తే పెరిగిందెంతో తెలియదు. అందుకే కొన్ని చోట్ల తీగ బోనులు దించి, లోపలి గడ్డిని, బయటి గడ్డిని విడివిడిగా కోసి తూచాలి. ప్రతి కోత తర్వాత బోనును పక్కకు జరపాలి, లేకపోతే ఆ ముక్క మేత తగలని వేరే పచ్చికగా మారిపోతుంది.

50 సెంటీమీటర్ల భుజమున్న చదరపు చట్రం పడేసి, అందులో ఏ జాతి ఎంత శాతం పరుచుకుందో ముందు రాసి, తర్వాత నేల మట్టానికి కోయండి. 60 నుంచి 70 డిగ్రీల్లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. చట్రంలో 80 గ్రాముల ఎండు గడ్డి వస్తే చదరపు మీటరుకు 320 గ్రాములు, హెక్టారుకు 3.2 టన్నులు.

బరువుతో పాటు జాతుల పేర్లు రాయడం మానొద్దు. పార్క్ గ్రాస్‌లో అమ్మోనియం సల్ఫేట్ ఏటా పడి నేల పుల్లబడిన ప్లాట్లలో కొద్ది జాతులే మిగిలాయి, ఎరువు వేయని ప్లాట్లలో డజన్ల కొద్దీ జాతులు ఇప్పటికీ ఉన్నాయి. తూకం ఒక్కటే చూసి ఉంటే ఎరువు ప్లాట్లే మెరుగని అనుకునేవాళ్లం. అక్కడే ఇంకో సంగతి కూడా జరిగింది. 1960 నుంచి దిగుబడిని ఎండుగడ్డిగా కాకుండా యంత్రంతో పచ్చిగా కోసి లెక్కిస్తున్నారు. ఎండబెట్టేటప్పుడు రాలిపోయే నష్టం ఇందులో ఉండదు కాబట్టి పాత అంకెల్ని, కొత్త అంకెల్ని నేరుగా పక్కపక్కన పెట్టలేం. పద్ధతి మారిన సంవత్సరం రాసిపెట్టారు కాబట్టే అది మనకు తెలుస్తోంది.

మెట్టు 8: పైనుంచి చూడటం

సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితం. 10 మీటర్ల గడులతో, జంటగా తిరిగితే ఐదు రోజులకోసారి వస్తాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. పచ్చదనానికి వాడే ఎన్‌డీవీఐ లెక్క సులువు. కంటికి కనిపించని పరారుణ కాంతి నుంచి ఎరుపును తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. పరారుణం 0.45, ఎరుపు 0.05 అయితే 0.40ని 0.50తో భాగిస్తే 0.8.

ఇక్కడా అదే జాగ్రత్త. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో అంకెలకు 1,000 కలిపి ఇస్తున్నారు. ఈ చిత్రాల్లో 0.45ను 4,500గా, 0.05ను 500గా రాస్తారు, అవి ఇప్పుడు 5,500, 1,500 అవుతాయి. ఆ వెయ్యి తీసేయకుండా లెక్క వేస్తే 0.8 కాస్తా 0.57 అయిపోతుంది, ఆ ఏడాది భూమి మీద పచ్చదనమంతా ఎండిపోయిందనిపిస్తుంది! సరిచేసిన చిత్రాల్నే తీసుకోండి, లేదా మీరే తీసేయండి.

మబ్బులు, మబ్బుల నీడలు ఉన్న గడుల్ని వదిలేయండి. పొలం అంచు గడుల్లో పక్క పొలం కలుస్తుంది, వాటినీ వదిలేయండి. పైరు దట్టంగా కమ్ముకున్నాక ఎన్‌డీవీఐ ఒక దగ్గర ఆగిపోతుంది, ఆకులు ఇంకా పెరిగినా చూపించదు. నేల మీద కోసి తూచిన బరువుతో జత చేయనంత వరకు ఆ రంగుల మ్యాప్ బొమ్మే.

మెట్టు 9: నేలలో ప్రాణం

20 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో మట్టిదిమ్మ తీసి గోతం మీద పోసి, చేత్తో విడదీస్తూ వానపాముల్ని లెక్కపెట్టండి. నేల తడిగా, చల్లగా ఉన్నప్పుడే చేయాలి, ఎండాకాలంలో అవి లోతుకు దిగి చుట్టచుట్టుకుని ఉంటాయి.

ఇంకోటి నాకెంతో ఇష్టమైన పరీక్ష. బాగా ఆరిన రెండు మట్టిపెళ్లలు, ఒకటి పచ్చికది, ఒకటి ఏళ్లుగా దున్నిన పొలానిది, రెండు గాజు గ్లాసుల నీళ్లలో తీగ జల్లెడ మీద ఉంచండి. దున్నిన పెళ్ల నుంచి బుడగలు గబగబా వస్తాయి, అంచులు జారతాయి, కొద్ది నిమిషాల్లో చాలావరకు అడుగున బురదగా పేరుకుంటుంది. పచ్చిక పెళ్ల మాత్రం సన్న వేళ్లు, సేంద్రియ పదార్థం పట్టి ఉంచడంతో తరచు అలాగే కూర్చుంటుంది, నీళ్లు తేటగానే ఉంటాయి. ఒకే సమయానికి, అంటే ఐదు నిమిషాలకు, ఫోటో తీసి తేదీతో దాచండి.

మెట్టు 10: తేడా నిజమేనా?

20 చోట్ల కర్బనం కొలిచారు, సగటు 1.2, చోటుకీ చోటుకీ ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 0.3. ప్రతిసారీ కొత్త చోట్లలో తీస్తే, రెండు విడతల సగటుల మధ్య తేడా దాదాపు 0.19 దాటితే గానీ మార్పు ఉందని ధైర్యంగా చెప్పలేం. 2015 పారిస్ వాతావరణ సదస్సులో "వెయ్యికి నాలుగు" అనే ఆశయం ముందుకొచ్చింది, ఏటా నేల కర్బనాన్ని 0.4 శాతం పెంచాలని. మన 1.2 మీద అది ఏడాదికి 0.0048, పదేళ్లకు 0.048. కొత్త చోట్ల పద్ధతిలో అది కనిపించనే కనిపించదు.

కానీ పాతిపెట్టిన ఆ ఇనుప ముక్కల పక్కనే, అవే 20 చోట్ల మళ్లీ తీసి, ఏ చోటుకు ఆ చోటు తేడా చూశారనుకోండి. ఆ తేడాల విచలనం 0.1కి తగ్గితే, దాదాపు 0.047 మార్పు కూడా పట్టుబడుతుంది. పదేళ్ల కష్టం వృథా కావడానికీ కాకపోవడానికీ మధ్య ఉన్నది మెట్టు 2లో పడ్డ ఆ అరగంట శ్రమే.

మెట్టు 11: దాచడం

పరీక్షకు పంపగా మిగిలిన పొడి మట్టిని పారేయకండి. గాలి చొరని సీసాలో పోసి, చీకటిగా, పొడిగా ఉన్న చోట పెట్టండి. రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి పోగైన 3 లక్షలకు పైగా నమూనాలున్నాయి. అణ్వాయుధ పరీక్షల నుంచి వచ్చిన ప్లుటోనియం జాడను, డయాక్సిన్లనే విష రసాయనాలను తర్వాతి తరాలు వెతికి పట్టుకున్నది అలా దాచిన నమూనాల్లోనే. వాటిని తొలి రోజుల్లో సీసాల్లో పోసినవాళ్లు ఆ పేర్లే విని ఉండరు.

చీటీ రెండు చోట్ల పెట్టండి, ఒకటి సీసా మీద, ఒకటి లోపల మట్టిలో. పెన్నుతో కాదు, పెన్సిల్‌తో రాయండి, సిరా వెలిసిపోతుంది. ప్లాటు, చోటు నంబరు, పొర, తేదీ, తీసినవారి పేరు, ఏ ఆగర్, వేళ్ల చాప ఉంచారా తీశారా, ఇవన్నీ ఆ చీటీలో ఉండాలి.